మా ఇంట్లో బొద్దింకలకు ఒక డబ్బా, అమ్మకు ఒక ఇన్‌హేలర్

బొద్దింక కనిపిస్తే మీరేం చేస్తారు? చెప్పు తీస్తారు. లేదంటే స్ప్రే కొడతారు. కొంతమందైతే మంచమెక్కి కేక పెడతారు. నేను మాత్రం దాన్ని పట్టుకుని, ఆడదా మగదా అని చూసి, మళ్లీ డబ్బాలో వేసేవాణ్ని. ఏడాదిన్నర పాటు నాదర్‌గుల్‌లోని మా అద్దె ఇంట్లో నేను బొద్దింకలను పెంచాను. అవును, కావాలనే! తిండి పెట్టి, నీళ్లు పెట్టి, చలికాలంలో వెచ్చదనం కూడా ఇచ్చి మరీ పెంచాను.

‘వీడికి పిచ్చి పట్టిందా?’ అనుకుంటున్నారు కదా. మా కాలనీలో సగం మంది అదే అనుకున్నారు. అసలు సంగతి చెబుతాను, వినండి.

గడ్డప్ప వచ్చాడు

అంతా మొదలైంది గడ్డప్పతో. గడ్డప్ప మా ఇంట్లో ఉండే బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల్లో ఉండే బల్లి జాతి. కోపం వచ్చినా భయం వేసినా గొంతు కింద చర్మం ఉబ్బి నల్లగా మారుతుంది, అచ్చం గడ్డం పెంచినట్టే. అందుకే ఆ పేరు. ఉద్యోగం మానేసి వేరే ఊరికి వెళ్లిపోతున్న ఒక ఫ్రెండ్ దగ్గర తీసుకున్నాను. అరచేతిలో పట్టేంత ఉండేవాడు.

మా అమ్మది హిందూపురం దగ్గర పల్లెటూరు. వాణ్ని చూడగానే, “ఏందప్పా ఇది, తొండను తెచ్చినావు?” అంది. తర్వాత తనే గడ్డప్ప అని పేరు పెట్టింది. కింది పోర్షన్‌లో ఉండే ఓనర్ ఆంటీ అయితే, “ఏం బాబూ, తొండ ముదిరితే ఊసరవెల్లి అయితదంటరు. మీదిగ్గిన ముదిరితే ఏమైతది? మొసలా?” అని నవ్వింది. మా నాయనమ్మ మాత్రం ఫోన్లోనే బల్లి శాస్త్రం విప్పింది. మీద పడితే ఏ భాగానికి ఏ ఫలమో చెప్పి, “ఎందుకైనా మంచిది, కంచికి పోయి బంగారు బల్లిని తాకి రా” అని ముగించింది.

మొదటి మూడు నెలలూ బాగానే గడిచాయి. తప్పంతా నా దగ్గరే జరిగింది. పిల్ల డ్రాగన్‌కు రోజూ పురుగులు కావాలి. నేను దుకాణంలో దొరికే మీల్‌వర్మ్‌లు తెచ్చి పడేసేవాణ్ని. మీల్‌వర్మ్ అంటే ఒక రకం పిండి పురుగు, పెంకు పురుగు పిల్ల దశ. కాల్షియం పొడి చల్లాలని తెలియదు. పగలంతా కిటికీ పక్కన ఎండ పడుతోంది కదా, చాలు అనుకున్నాను. కిటికీ అద్దంలోంచి ఎండ వస్తుంది కానీ, ఒంట్లో విటమిన్ డి తయారవడానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు దాదాపుగా రావు. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు గడ్డప్ప వెనక కాళ్లు వణకడం మొదలైంది. నడవబోతే పొట్ట నేలకు ఈడ్చుకుపోతోంది. సరీసృపాలను చూసే వైద్యుణ్ని వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆయన వాడి దవడను వేలితో మెల్లగా నొక్కారు. రబ్బరులా వంగింది. “ఎముకల జబ్బు. కాల్షియం లేక ఎముక మెత్తబడింది” అన్నారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, “ఏం పెడుతున్నారు?”

నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కాల్షియం మందు, యూవీబీ లైటు, పొద్దున్నే డాబా మీద నేరుగా ఎండ, ఆపైన మంచి తిండి. ఆ మంచి తిండి జాబితాలో మొదటి పేరు ‘దుబియా’. బొద్దింక!

అన్ని బొద్దింకలూ ఒకటి కావు

బొద్దింక అనగానే మనకు గుర్తొచ్చేది సింకు కింద నుంచి పరుగెత్తే ఎర్రదే. కానీ ప్రపంచంలో 4,500కు పైగా బొద్దింక జాతులు ఉన్నాయి. వాటిలో మనుషుల ఇళ్ల దరిదాపుల్లో బతికేవి ముప్పై వరకే. నిజంగా మనల్ని సతాయించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ అడవుల్లో రాలిన ఆకులు తింటూ వాటి బతుకు అవి బతుకుతాయి.

దుబియా దక్షిణ అమెరికాది. పెద్దదైతే నాలుగు సెంటీమీటర్ల పైనే ఉంటుంది. మగవాటికి పూర్తి రెక్కలుంటాయి, ఆడవాటికి చిన్న మొలకల్లాంటివే. ఎగిరి మీద పడవు. నున్నటి ప్లాస్టిక్, గాజు గోడలు ఎక్కలేవు. మూత తీసి ఉన్నా డబ్బాలోనే ఉండిపోతాయి. మిడతల జాతి క్రికెట్ పురుగుల్లా రాత్రంతా కీచుమనవు. ఇంకో విశేషం ఏంటంటే, ఇవి గుడ్లు బయట పెట్టవు. గుడ్ల సంచిని కడుపులోనే పొదిగి, ఒక్కో విడతకు 20 నుంచి 30 పిల్లల్ని నేరుగా బయటికి వదులుతాయి. ఆ పిల్లలు పెద్దవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

దీన్ని మించిన వింత ఇంకొకటుంది. పసిఫిక్ బీటిల్ అనే బొద్దింక తన కడుపులోని పిల్లలకు ఒక రకం ‘పాలు’ పడుతుంది. ఆ పాల స్ఫటికాల మీద బెంగళూరులోని ఇన్‌స్టెమ్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2016లో వచ్చింది. అప్పుడు ‘గేదె పాలకంటే బలం’ అంటూ వార్తలు ఊదరగొట్టాయి. కంగారు పడకండి, ఆ పాలు పిండి ప్యాకెట్లలో పోసేవాళ్లు ఇంకా ఎవరూ పుట్టలేదు!

చైనాలో అయితే బొద్దింకల పెంపకం పెద్ద పరిశ్రమ. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని జినాన్‌లో వంద కోట్ల బొద్దింకలతో రోజుకు 50 టన్నుల వంటింటి వ్యర్థాలు తినిపిస్తున్నారని 2018లో వార్తలొచ్చాయి. అదే చైనాలో 2013లో డాఫెంగ్ అనే చోట ఒక పెంపకం షెడ్డు దెబ్బతిని పది లక్షలకు పైగా బొద్దింకలు చుట్టుపక్కల పొలాల్లోకి పారిపోయాయి. ఈ రెండో వార్త గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

డబ్బాలో సంసారం

ఇంకో పెంపకందారు దగ్గర అరవై దుబియాలు తెచ్చాను. అమ్మకు ‘ఒక రకం పెంకు పురుగులు’ అని చెప్పాను. అమ్మ మూత తీసి చూసి, నా మొహం చూసి, “నన్ను ఎర్రిదాన్ని చేయొద్దురా” అంది.

ఏర్పాటు చాలా సింపుల్. వెలుతురు పడని ముదురు రంగు ప్లాస్టిక్ డబ్బా. మూతకు పెద్ద రంధ్రం చేసి స్టీలు జాలీ అంటించాను. ప్లాస్టిక్ దోమల జాలీ అయితే కొరికేస్తాయి. లోపల కిరాణా కొట్టువాణ్ని అడిగి తెచ్చిన కోడిగుడ్ల అట్టలు, నిలువుగా. అలా పెడితే రెట్టలన్నీ కిందికి రాలిపోతాయి, అట్టల మధ్య అవి దాక్కుంటాయి.

తిండికి గోధుమ తవుడు, ఓట్స్, కొంచెం పుట్నాల పొడి. పైన క్యారెట్, చిలగడదుంప, మునగాకు, అప్పుడప్పుడు నారింజ తొన. నీళ్లు గిన్నెలో పోస్తే పిల్లలు మునిగి చస్తాయి, కాబట్టి కూరగాయల తేమే వాటికి నీళ్లు. మిగిలిన ముక్కల్ని మర్నాడే తీసేయాలి. బూజు పట్టిందంటే డబ్బా మొత్తం పోతుంది. తడి ఎక్కువైతే ఘాటైన వాసన కూడా వస్తుంది.

పప్పుల పొడి కొంచెమే ఎందుకు? బొద్దింకలు అదనంగా తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా ఒంట్లోనే దాచుకుంటాయి. వాటి కొవ్వు కణాల్లో ఉండే ఒక బ్యాక్టీరియా అవసరమైనప్పుడు దాన్ని మళ్లీ వాడుకునేలా చేస్తుంది. కరువు కాలానికి దాచుకున్న గాదె అన్నమాట. కానీ అలాంటి బొద్దింకను రోజూ తిన్న బల్లికి ఆ యూరిక్ ఆమ్లం భారమై గౌట్ రావచ్చు. అంటే మీరు బొద్దింకకు ఏం పెడితే మీ బల్లి అదే తింటుంది. అందుకే బల్లికి వేసే ముందు ఒకటి రెండు రోజులు బొద్దింకలకు మంచి ఆకుకూర తినిపించి, కాల్షియం పొడిలో దొర్లించి మరీ వేస్తారు. సైజు విషయంలో పెంపకందారులు పాటించే లెక్క ఒకటుంది. బల్లి రెండు కళ్ల మధ్య దూరం కంటే పురుగు పెద్దది కాకూడదు.

నాదర్‌గుల్ ఎండాకాలం వీటికి పండగ. ముప్పై డిగ్రీలు దాటితేనే జోరుగా పిల్లలు పెడతాయి. చలికాలం రాత్రుళ్లు ఎయిర్‌ఫీల్డ్ వైపు నుంచి గాలి తోలితే మాత్రం సంసారం బంద్. అప్పుడు డబ్బా పక్కన చిన్న హీట్ మ్యాట్ అంటించేవాణ్ని. ఎనిమిది నెలల్లో అరవై కాస్తా కొన్ని వందలయ్యాయి. గడ్డప్ప దవడ గట్టిపడింది. కాళ్ల వణుకు తగ్గింది. శిక్షణ విమానం ఏదైనా డాబా మీదుగా వెళితే ఒక కన్ను పైకి తిప్పి చూసేవాడు. గద్ద అనుకునేవాడేమో!

పట్టుపురుగుల పాఠం

ఈ లోపు నేను ఊహించనిది ఒకటి జరిగింది. అమ్మ డబ్బా దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

అమ్మ చిన్నప్పుడు వాళ్లింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటలు, గూళ్ల మార్కెట్టు ఇప్పటికీ ఫేమస్. అమ్మ బడి నుంచి రాగానే ఆకు తరిగి తట్టల్లో వేసేదట. పురుగులు చర్మం విడిచే ముందు తినడం మానేసి కదలకుండా ఉంటాయి. దాన్ని వాళ్లు ‘జ్వరం’ అంటారు. ఒకరోజు నేను డబ్బాలో పాలలా తెల్లగా మారిన బొద్దింకను చూసి జబ్బేమో అని కంగారు పడితే, అమ్మ వంగి చూసి, “జ్వరం నుంచి లేచింది, అంతే. తాకొద్దు, తోలు మెత్తగుంటుంది” అంది. సాయంత్రానికి అది మళ్లీ గోధుమరంగులోకి వచ్చింది.

“మేము పట్టుపురుగుల గదిలోకి పోయేముందు చేతులు కడిగేవాళ్లం. అగరొత్తి కూడా వెలిగించనిచ్చేవాడు కాదు మా నాయన. పురుగుల మందు కొట్టిన చేను పక్క ఆకు ముట్టనిచ్చేవాడు కాదు” అని అమ్మ చెబుతుంటే అనిపించింది. పురుగును పెంచడం మనకు కొత్తేమీ కాదు. మా రంగారెడ్డి జిల్లాలోనే, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో రైతులకు మేలుచేసే పురుగుల పెంపకం మీద శిక్షణ ఇస్తారు. బియ్యం చిలక పురుగును పెంచి, దాని గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే పరాన్నజీవిని వృద్ధి చేసి పొలాల్లో వదులుతారు. పని ఒకటే. మనకు ఏ పురుగంటే అసహ్యం అన్న దగ్గరే తేడా.

అమ్మ చెప్పిన మందు మాట ఒకసారి నా పని నిలబెట్టింది. ఓనర్ ఆంటీ బిల్డింగ్ మొత్తానికి బొద్దింకల మందు కొట్టించడానికి మనుషుల్ని పిలిచింది. “ఏం బాబూ, కింద మేం చంపుతుంటే పైన నువ్వు పెంచుతున్నవంట గదా?” అంది. నేను గడ్డప్పను, డబ్బాను మోసుకుని ఆ రోజంతా ఫ్రెండ్ గదిలో కూర్చున్నాను. ఆ మందు పురుగులకే కాదు, వాటిని తిన్న బల్లికీ విషమే. వంటింట్లో దొరికిన బొద్దింకను ఎప్పుడూ పెంపుడు బల్లికి వేయకూడదు అనేది అందుకే. అది ఎవరింట్లో ఏ మందు తిని వచ్చిందో, ఏ పరాన్నజీవిని మోసుకొచ్చిందో!

ఆ ప్రశ్న

రెండో చలికాలం. అమ్మకు తెల్లవారుజామున తుమ్ములు మొదలయ్యాయి. మా చుట్టూ వరసగా ఇళ్లు కడుతున్నారు, ఇసుక, సిమెంటు దుమ్ము. అదే అనుకున్నాం. సంక్రాంతి దాటాక దగ్గు, ఆ తర్వాత ఒక రాత్రి ఆయాసం. మెట్లు దిగలేకపోయింది. ఆటోలో నా భుజం మీద తల పెట్టి ఊపిరి కోసం వెతుక్కుంటుంటే ఆ పిల్లికూతల శబ్దం నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఊపిరితిత్తుల డాక్టర్ అన్నీ అడిగారు. దుమ్ము, పెంపుడు జంతువులు, అగరొత్తులు. తర్వాత, “రొయ్యలు తింటే ఏమైనా అవుతుందా?” అన్నారు. అమ్మకు రొయ్యల కూర తింటే గొంతు దురద. మేమెప్పుడూ పట్టించుకోలేదు. తర్వాతి ప్రశ్న, “ఇంట్లో బొద్దింకలున్నాయా?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ, “లేవు సార్, మందు కొట్టించినాము” అంది.

నా వైపు చూడలేదు. నన్ను కాపాడటానికి తన జబ్బు గురించి డాక్టర్ దగ్గరే అబద్ధం చెప్పింది. నేను ఆ కుర్చీలో ఒక్క క్షణం అలాగే కూర్చున్నాను. ఆ క్షణం గురించి రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. తర్వాత, “ఉన్నాయి సార్. కొన్ని వందలు. నేనే పెంచుతున్నాను” అన్నాను.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. చేతి మీద సూదులతో గుచ్చి చేసే అలర్జీ పరీక్ష రాశారు. బొద్దింక దగ్గర దద్దురు లేచింది. బొద్దింక రెట్ట, లాలాజలం, విడిచిన చర్మం ఎండి పొడిగా మారి గాల్లో కలుస్తుందని, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పెద్ద శత్రువని చెప్పారు. బొద్దింకలోనూ రొయ్యలోనూ ఒకేలాంటి ప్రొటీన్ ఒకటి ఉంటుందట. అందుకే ఆ రొయ్యల ప్రశ్న. ప్రయోగశాలల్లో బొద్దింకలతో పనిచేసేవాళ్లకు కూడా కొంతకాలానికి ఇలాంటి అలర్జీ రావడం తెలిసిన విషయమే.

నా డబ్బా హాల్లో, అమ్మ పడుకునే దివాన్‌కు నాలుగడుగుల దూరంలో ఉంది. నెలకోసారి దాన్ని దులిపి శుభ్రం చేసింది అక్కడే. మాస్కు కూడా లేకుండా. అమ్మ వాటి దగ్గర కూర్చుని జ్వరం, తోలు అంటూ కబుర్లు చెబుతుంటే మురిసిపోయింది నేనే.

వదిలేయడం అంటే వదిలేయడం కాదు

ఆ రాత్రే డబ్బా డాబా మీదికి ఎక్కించాను. తర్వాతి ప్రశ్న, వీటిని ఏం చేయాలి? ‘ఆ ఖాళీ స్థలంలో పారబొయ్’ అన్నాడు ఒక ఫ్రెండ్. అక్కడే డాఫెంగ్ వార్త గుర్తొచ్చింది. ఇవి మన దేశపు జీవులు కావు. అమెరికాలోని ఫ్లోరిడాలో దుబియాలను పెంచడానికి ఒప్పుకోరు. అక్కడి వేడికీ తేమకూ బయట పడితే స్థిరపడిపోతాయని భయం. మరి మన ఎండలు తక్కువా? మూసీకి వచ్చిన గుర్రపుడెక్క, పొలాలకొచ్చిన వయ్యారిభామ మనకు చాలదా?

ఉబ్బసం ఉన్నవాళ్లెవరూ లేని ఇంట్లో, బయట విడిగా గది ఉన్న ఒక పెంపకందారు తుర్కయాంజాల్ వైపు దొరికాడు. పెద్దవాటిని అతనికి ఇచ్చేశాను. మిగిలిన అట్టలు, రెట్ట, అందులో దాక్కున్న చిన్నచిన్న పిల్లలు, అన్నీ మూటగట్టి, దీనికోసమే ఫ్రెండ్ దగ్గర ఉన్న పాత ఫ్రిజ్‌లో రెండు రోజులు గడ్డకట్టించి, ఆ తర్వాతే పారేశాను. హాలంతా తడిగుడ్డతో తుడిచాను. చీపురు పెడితే ఆ పొడి మళ్లీ లేస్తుంది.

మరి గడ్డప్ప? అదృష్టం ఏంటంటే వాడు పెద్దవాడయ్యాడు. పిల్ల డ్రాగన్‌కు పురుగులే ప్రధానం. పెద్దదానికి ఆకులే ఎక్కువ, పురుగులు వారానికి రెండు మూడుసార్లు చాలు. ఇప్పుడు వాడికి మునగాకు, గుమ్మడి ముక్కలు, మందార పూలు. పురుగుల కోసం పట్టుపురుగులు, నల్ల సైనిక ఈగ పిల్లలు కొద్దికొద్దిగా తెప్పిస్తున్నాను. ఈ ఈగ పిల్లల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ.

మీరూ పెంచాలనుకుంటే

ముందు ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు, రొయ్యల అలర్జీ ఉన్నాయేమో అడగండి. ఉంటే బొద్దింకల ఆలోచనే వద్దు. లేకపోయినా డబ్బాను పడకగదిలో, హాల్లో పెట్టొద్దు. శుభ్రం చేసేటప్పుడు బయట, మాస్కుతో, గ్లౌజులతో చేయండి. ఒక్క పిల్ల కూడా బయటపడకుండా చూసుకోండి.

అంతకంటే ముందు జంతువు సంగతి. పొలంలో దొరికిన ఉడుమును, నక్షత్ర తాబేలును తెచ్చి పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు పోతారు. విదేశీ జంతువైతే అంతర్జాతీయ సైటీస్ జాబితాలో ఉందేమో చూడండి. ఇగ్వానా, బాల్ పైథాన్ లాంటివి ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించి, 2024లో నిబంధనలు తెచ్చాక అలాంటివాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించడం తప్పనిసరి. అమ్మేవాడి మాట కాదు, కాగితం చూడండి. ఇంకో మాట, బియర్డెడ్ డ్రాగన్ పదేళ్లు బతుకుతుంది. రీల్ చూసి కొనే జీవి కాదు.

అమ్మ ఇప్పుడు బాగుంది. ఇన్‌హేలర్ పర్సులో ఉంటుంది, కానీ చాలా రోజులుగా బయటికి తీయాల్సిన అవసరం రాలేదు. పొద్దున్నే డాబా మీద గడ్డప్పను ఎండలో పెడితే, అమ్మ కాస్త దూరంగా కుర్చీ వేసుకుని మునగాకు దూస్తుంటుంది.

మొన్నొకరోజు అడిగాను. “ఆ రోజు డాక్టర్ దగ్గర అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?”

అమ్మ ఆకు దూయడం ఆపలేదు. “నీ తొండ అప్పుడే కదరా లేచి నడుస్తా ఉండింది” అంది.